ఆ రెండు రోజుల ఆలస్యమే తాళం

మా ఇంట్లో ఖర్చులు రాసేది నేనే. పచారీ సామాను, పాప డ్యాన్స్ క్లాసు ఫీజు, ఊళ్లో అత్తయ్యగారి మందుల డబ్బు, అన్నీ నా లెక్కలో ఉంటాయి. మా వారు కొన్న బిట్‌కాయిన్ మాత్రం ఉండేది కాదు. "అదంతా టెక్నికల్, నీకెందుకు?" అనేవారు. హెచ్4 వీసా మీద నాకు ఉద్యోగం లేదు గానీ, బీఎస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని. పైగా అది పాప కాలేజీకని దాచిన డబ్బు. అందుకే పోయిన వేసవిలో పట్టుబట్టి నేర్చుకున్నాను.

బ్యాంకులో ఏదైనా తేడా వస్తే ఫోన్ చేసి అడుగుతాం. బిట్‌కాయిన్ ఒకసారి వెళ్లి నమోదైందంటే వెనక్కి రప్పించే అధికారి ఎవరూ లేరు. చిరునామా చూస్తే మనిషి పేరు కాదు, అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి వరస. ఎథీరియంలో 42 ఉంటాయి. బిట్‌కాయిన్ చిరునామాలో ఒక అక్షరం తప్పు కొడితే దాదాపు ఎప్పుడూ సాఫ్ట్‌వేరే పట్టేస్తుంది. కానీ దొంగ చిరునామా కూడా లెక్క ప్రకారం సరైనదే కదా!

మనం కాపీ చేసిన చిరునామాను పేస్ట్ చేసేలోపే మార్చేసే వైరస్‌లున్నాయి. మనం రోజూ పంపే చిరునామాకు మొదటి, చివరి అక్షరాలు కలిసేలా ఇంకోటి తయారుచేసి, దాన్ని మన లావాదేవీల జాబితాలో దూర్చేవాళ్లూ ఉన్నారు. 2024 మేలో ఒకరు ఇలాగే దాదాపు 6.8 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో పంపేశారు. ఆ దొంగ తర్వాత చాలావరకు తిరిగిచ్చాడు. అందరికీ అలాంటి దొంగ దొరకడు.

దీనికి చాలా ఎక్స్ఛేంజీల్లో ఒక ఏర్పాటుంది. వైట్‌లిస్ట్ అనో, అలౌలిస్ట్ అనో సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది. అది ఆన్ చేస్తే జాబితాలో ఉన్న చిరునామాలకే డబ్బు వెళ్తుంది. కొత్తది చేర్చితే చాలాచోట్ల ఒకటి రెండు రోజులు ఆగాలి. ఇండియా బ్యాంకుల్లో కొత్త బెనిఫిషియరీని చేర్చగానే పెద్ద మొత్తం పంపనివ్వరు చూడండి, అలాంటిదే.

"అర్జంటుగా పంపాల్సి వస్తే?" అన్నారు మా వారు.

"మన పాప కాలేజీ డబ్బు అర్జంటుగా ఎవరికండీ పంపాలి?" అన్నాను. ఇక మాట్లాడలేదు.

మేం చేర్చింది ఒక్కటే, ఇంట్లో ఉన్న హార్డ్‌వేర్ వాలెట్ చిరునామా. దాన్ని వాలెట్ తెర మీద నుంచే తీసుకున్నాం. ఆయన చదువుతుంటే నేను ఒక్కో అక్షరం టిక్కు పెట్టాను. నెట్‌వర్క్ సరిచూసి, ముందు కొంచెం పంపి, చేరాకే మిగతాది పంపాం. లాగిన్ కోడ్ ఎస్సెమ్మెస్‌కి రాకుండా ఆథెంటికేటర్ యాప్‌కి మార్చాం. ఎందుకంటే మన నంబరును తమ సిమ్‌కి మార్పించుకునే మోసగాళ్లున్నారు. మనం చేర్చని చిరునామా చేరినట్టు మెయిల్ వస్తే, ఆ గడువులోనే ఖాతాను స్తంభింపజేయొచ్చు.

ఈ జాబితా అన్నిటికీ మందు కాదు. ఎక్స్ఛేంజీ ఖాతాలో ఉన్న డబ్బునే కాపాడుతుంది. వాలెట్ రహస్య పదాలు ఎవరికైనా చెప్పేస్తే ఏ జాబితా అడ్డుపడదు. వాట్సాప్‌లో "అక్కా" అంటూ పరిచయమై పెట్టుబడి పెట్టించేవాళ్ల చిరునామాను మనమే చేర్చినా అది ఊరుకుంటుంది. అయితే ఆ రెండు రోజుల్లో మీవారితోనో, అన్నయ్యతోనో ఒక మాట అనడానికి వీలుంటుంది. చాలా మోసాలు ఎవరికీ చెప్పనివ్వకుండా తొందరపెట్టడం మీదే నడుస్తాయి.

మీ ఇంట్లో క్రిప్టో ఉంటే ఈ రాత్రి భోజనాల దగ్గర రెండు ప్రశ్నలు అడగండి: "ఆ జాబితా ఆన్‌లో ఉందా? అందులో ఉన్న చిరునామాలు ఎవరివి?" జవాబు వెంటనే రాకపోతే, ఇద్దరూ కలిసి ఫోన్ తెరిచి చూడండి.