పద్మాపురం తోటలో పాఠం ఎవరు చెప్పాలి?

అరకులోని పద్మాపురం ఉద్యానవనం 1942లో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైంది. ఇప్పుడది బొమ్మ రైలూ గులాబీలూ ఉన్న పర్యాటకుల తోట. అక్కడ పర్యావరణ విద్యలో ఇంటర్న్‌షిప్‌లు పెట్టి, మొదటి అవకాశం కొండ ఊళ్ల డిగ్రీ విద్యార్థులకే ఇవ్వాలంటాను. రాష్ట్రంలో డిగ్రీకి ఇంటర్న్‌షిప్‌ను 2020-21లో తప్పనిసరి చేశారు. దానికోసం అరకు, పాడేరు పిల్లలు కొండ దిగి విశాఖలో గది అద్దెకు వెతుక్కోవడం ఏం న్యాయం?

వాళ్లకు శాస్త్రీయ నామాలు రావు కదా అంటారు. అడ్డతీగకున్న బౌహీనియా వాహ్లీ అన్న పేరు ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. కానీ ఆ తీగలో ఏ ఆకు విస్తరికి పనికొస్తుందో, దేన్ని లేతదని వదిలేయాలో, బెరడు నారతో తాడు ఎలా పేనుతారో ఒక్క పూటలో రాదు. సరదాకి వచ్చినవాళ్లు పాఠం వినరన్నది ఇంకో మాట. పెద్దలు వినకపోవచ్చు, విహారయాత్ర బస్సుల్లో వచ్చే బడిపిల్లలకు, చేతికి ఆకిచ్చి కుట్టమంటే, అరగంట చాలు. స్టైపెండ్ మాత్రం ఇవ్వాల్సిందే, లేకపోతే అది చదువు పేరిట వెట్టిచాకిరీ. వాళ్ల పని తోటతోనే ఆగనక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక కమిటీలు, ఊరి మొక్కలనూ వాటి వాడకాన్నీ నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు తయారు చేయాలి. ఈ విద్యార్థులు మొక్కల గురించి రాసే వివరాలు, ఊరి అనుమతితో, నేరుగా వాటిలోకే వెళ్లొచ్చు.