ఆమె ఎందుకు నీళ్లు తాగలేదు?

డెబ్బై దాటాక వీపున సంచులు తగిలించుకుని ఆగ్నేయాసియా దీవులు చూడాలని నాకూ నా శ్రీమతికీ కోరిక కలిగింది. ముందు మన దివిసీమలో తిరిగి చూద్దామన్నది ఆమె.

మార్చి నెలలో గుడివాడ నుంచి రైలులో మచిలీపట్నం చేరి, మంగినపూడి తీరం చూసి, మరునాడు బస్సులో అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్లాము. అక్కడి నుంచి ఆటోలో ఏటిమొగ రేవుకు చేరాము. ఎదురుమొండి దీవికి వెళ్లే పంటు రాగానే లేచి నిలబడిన ఆమె, కళ్లు తిరిగి నా భుజంపై వాలిపోయింది. నాలుక ఎండిపోయి ఉన్నది. నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకుంటున్నది.

నీడలో పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచాను. తెలివి పూర్తిగా వచ్చాక, లీటరు నీటిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి కొద్దికొద్దిగా తాగించాను.

"దారిలో మరుగుదొడ్డి ఉంటుందో ఉండదో అని పొద్దుటి నుంచి నీళ్లు తాగలేదండీ" అన్నది.

ఆమె వేసుకునే రక్తపోటు మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే మందు కూడా ఉన్నది. అది రాసినవాడిని నేనే. 1977 నవంబరు ఉప్పెన తరువాత ఈ సీమలోనే ఊరూరా తిరిగి తాగునీటి జాగ్రత్తలు చెప్పినవాడిని, ఇంటి మనిషిని ఒక్క మాట అడగలేదు.

వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. ఇటువంటి మాత్రలు వాడేవారు ఎండలో ప్రయాణించే ముందు డాక్టరును సంప్రదించాలి, సొంతంగా మానరాదు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత నీరు తాగవచ్చునో కూడా అడగాలి.

కార్తికంలో మళ్లీ వెళ్లి ఎదురుమొండి చూశాము. ఈసారి మరుగుదొడ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందుగా నేనే కనుక్కున్నాను.