చేతులు వెనక్కి పెట్టుకొని చూసే పువ్వు

వానలు కాస్త కరుణించిన ఏడాది, ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం మా బడి పిల్లలను మా ఇంటికి తీసుకొస్తాం. గేటు దగ్గరే అందరి చేతులూ వెనక్కి పెట్టిస్తాం. ఒకటో తరగతిలో కొత్తగా చేరినవాళ్లు ఇదేదో ఆట అనుకుంటారు. పెరట్లో ఎండిన తుమ్మకంప మీదికి ఒక తీగ పాకి ఉంటుంది, దాని నిండా పూలు. ఒక్కో పువ్వుకు ఆరు రేకులు. మొదట్లో పసుపు, కొనలో ఎరుపు, అంచులన్నీ ముడతలు ముడతలు. రేకులు కిందికి వాలకుండా వెనక్కి తిరిగి, పొయ్యిలో మంట లేచినట్టు పైకి నిలబడతాయి. మా దాదీ కాలపు ఆడవాళ్లు కట్టిన ఫేటియా చూసినవాళ్లకు ఆ రంగులు అవే అనిపిస్తాయి. పిల్లలు "అబ్బ!" అంటారు. ఆ "అబ్బ" అయిపోయాక చెబుతాం, ఇది మనిషిని చంపే మొక్క అని.

దీని పేరు అడవినాభి. అగ్నిశిఖ, పొత్తిదుంప, కలప్పగడ్డ అని కూడా అంటారు. శాస్త్రం పెట్టిన పేరు గ్లోరియోసా సుపర్బా. పట్నాల్లో పూలమొక్కల మీద మోజున్నవాళ్లు దీని దుంపలు కొనుక్కొచ్చి కుండీల్లో పెంచుకుంటారు. మాకు మాత్రం ఇది అంగడి నుంచి రాలేదు.

మేము కళ్యాణదుర్గం వైపు ఒక సుగాలి తాండాలో పుట్టి పెరిగాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. ఆ సగటు లెక్కను నమ్ముకొని బుడ్డలు విత్తినవాళ్లు ఎంతమంది బెంగళూరు బస్సెక్కారో మా తాండాలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. మేము ఐదో తరగతిలో ఉన్న ఏడాది కూడా అలాంటిదే. పెద్దవాళ్లు చాలామంది వలస పోయారు, దాదీ కూడా వాళ్లతోనే పోయింది. సెలవు రోజుల్లో మేకల వెంట గుట్టకు పోవడం మా పిల్లల పని.

ఒకరోజు రాత్రి గట్టి వాన ఒక్కటి కురిసి గట్టు కోసుకుపోయింది. పొద్దున పోయి చూస్తే మట్టిలోంచి గడ్డలు తేలి ఉన్నాయి. పొడుగ్గా, వేలంత లావున, గోధుమ రంగు తొక్కతో. గెనుసుగడ్డలే అనుకున్నాం. మాలో పెద్దవాళ్లిద్దరు కంప పోగేసి మంట పెట్టి కాల్చారు. మాకూ పెట్టమన్నాం. ఉన్నవే నాలుగు, మీకు లేదు పొండి అన్నారు. ఒకడు రెండు పూర్తిగా తిన్నాడు. ఇంకొకడు ఒకటి కొరికి, చేదుగా ఉందని సగం పారేశాడు.

సాయంత్రం దాకా ఏమీ లేదు. రాత్రి ఇద్దరికీ వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. గొంతు మండుతోందని ఏడ్చారు. తెల్లారి ఎద్దులబండి కట్టి ఆసుపత్రికి తీసుకుపోయారు. మమ్మల్నీ వెంట తీసుకుపోయారు, ఏం తిన్నారో చెప్పడానికి. ఏం తిన్నారని అక్కడ అడిగారు. గెనుసుగడ్డలు అని చెప్పింది మేమే.

రెండు గడ్డలు తిన్నవాడు మూడో రోజు తెల్లవారుజామున పోయాడు. సగం తిన్నవాడు బతికాడు. పది పదిహేను రోజులకు వాడి తలవెంట్రుకలన్నీ కుచ్చులు కుచ్చులుగా ఊడిపోయాయి. మేరామ యాడికి కోపమొచ్చిందని తాండా అంతా అనుకొని మేకపోతును ఇచ్చారు. రెండు మూడు నెలలకు జుట్టు మళ్లీ వచ్చింది. దాంతో ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

దాదీ వలస నుంచి తిరిగొచ్చి, గట్టు మీద మిగిలిన ఆకు చూసి నెత్తి కొట్టుకుంది. ఆకు కొనను చూపించి, ఇది తోకలాగా చుట్టుకుంటే దాని గడ్డ ముట్టకూడదు, ఈ మాత్రం మీకెవరూ చెప్పలేదా అంది. మా గోర్ బోలీలో దానికొక పేరు కూడా చెప్పింది. ఆ పేరు ఇప్పుడు మాలో ఎవరికీ గుర్తు లేదు. అదొక్కటి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పాఠ్యపుస్తకంలో వంద పేర్లు బట్టీ పెట్టిన బుర్రలు మావి.

బుక్కపట్నం డైట్‌లో ఉపాధ్యాయ శిక్షణ చదివేటప్పుడు, లైబ్రరీలో మందుమొక్కల పుస్తకం తిప్పుతుంటే ఆ ఆకు కొన కనబడింది. బొమ్మ కింద రాసింది చదివాం. మొక్క అంతా విషమే, దుంపలోనూ గింజలోనూ మరీ ఎక్కువ. ఆ విషం పేరు కాల్చిసిన్. ఒంట్లో కణాలు విభజన చెందకుండా అది ఆపేస్తుంది. ఎక్కడ కణాలు తొందర తొందరగా పుడుతుంటాయో అక్కడే ముందు దెబ్బ తగులుతుంది: పేగుల లోపలి పొర, ఎముకల్లో మూలుగ, వెంట్రుకల కుదుళ్లు. జుట్టెందుకు ఊడిందో పదేళ్ల తర్వాత ఆ బల్ల దగ్గర తెలిసింది. దీనికి విరుగుడు మందు లేదనీ, ఎంత తొందరగా ఆసుపత్రికి పోతే అంత మేలనీ, తిన్న మొక్క ముక్కను వెంట తీసుకుపోవాలనీ అప్పుడే తెలిసింది. మేము మొక్క ముక్క తీసుకుపోలేదు. తప్పు పేరు తీసుకుపోయాం.

ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరమూ టీచర్లమే. కొన్నేళ్ల కిందట మేము పనిచేస్తున్న బడిలో నాలుగో తరగతి పాప ఒకతె ఈ పువ్వు జడలో పెట్టుకొని వచ్చింది. ఎక్కడిదని అడిగితే గుట్ట దగ్గర కంచె మీద బోలెడున్నాయి అంది. పువ్వు తీయించి, సబ్బుతో చేతులు కడిగించి, ఆ సాయంత్రమే తల్లిదండ్రులను పిలిచాం. ఈ మొక్కను బడిలో ఒక మూల కంచె కట్టి పెంచుదాం, పిల్లలు చూసి గుర్తుపడతారు అన్నాం. ఒక తండ్రి లేచి, "ఏం సార్, రేపు నాగుపామును గూడా పెంచుతారా బడిలో?" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. బడిలో వద్దనుకున్నాం.

మరి మొత్తం పీకి కాల్చేద్దామా అన్నారు ఇంకొందరు. అది మా తాండా వాళ్లు అప్పుడే చేసి చూశారు. పిల్లవాడు పోయిన నెలలో గట్టంతా తవ్వి, దొరికిన గడ్డలన్నీ కాల్చారు. నాలుగేళ్లకు అదే కంచె మీద మళ్లీ పూసింది. ఆ దుంప పెళుసు. తవ్వేటప్పుడు విరిగి, మొలక ఉన్న కొన మట్టిలో మిగిలిందంటే చాలు. పైగా గింజలను పిట్టలు మోస్తాయి. పీకి వదిలించుకొనే మొక్క కాదిది, తెలుసుకొని పక్కన బతకాల్సిన మొక్క. అందుకే మా ఇంటి పెరట్లో, తాళం వేసే గేటు లోపల పెంచడం మొదలుపెట్టాం.

పెంచడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. దుంప నాగలి ఆకారంలో రెండు కొమ్మలుగా ఉంటుంది. సంస్కృతంలో లాంగలి అన్న పేరు అందుకే వచ్చింది. మొలక ఒక్కో కొమ్మ కొసనే ఉంటుంది. కొస విరిగితే ఆ కొమ్మ ఇక మొలవదు. చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కొనే పట్టుకుంటాం. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, అడుగున చిల్లి ఉన్న లోతు కుండీలో పోస్తాం. నీళ్లు నిలిస్తే దుంప కుళ్లిపోతుంది. మొదటి ఏడాది సిమెంటు తొట్టికి చిల్లి పెట్టడం మరిచి రెండు దుంపలు పోగొట్టుకున్నాం. మృగశిర కార్తె వానకు దుంపను అడ్డంగా పడుకోబెట్టి, నాలుగు వేళ్ల మట్టి కప్పుతాం. మూడు వారాలకు మొలక లేస్తుంది, ఒక్కోసారి నెల పడుతుంది. మధ్యలో తవ్వి చూడకూడదు.

తీగకు వేరే నులితీగలు ఉండవు. ఆకు కొనే తోకలాగా చుట్టుకొని పట్టుకుంటుంది. నున్నటి గోడను పట్టుకోలేదు, సన్నటి పుల్ల కావాలి. కందికట్టె, తుమ్మకంప దీనికి బాగా నచ్చుతాయి. వాన లేని వారం రెండుసార్లు నీళ్లు పోస్తే చాలు. పువ్వు మొదట ఆకుపచ్చగా విచ్చి, పసుపుకు తిరిగి, చివరికి మొత్తం ఎర్రబడుతుంది. ఒకే తీగ మీద మూడు రంగులూ ఉన్న రోజు చూసి పిల్లలను పిలుస్తాం. కాయలు పండి, ఆకు పసుపెక్కాక నీళ్లు మానేస్తాం. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. చచ్చిపోతోందని జాలిపడి నీళ్లు పోసి కుళ్లబెడతారు. అది చావడం కాదు, ఎండ రోజులు కడుపులో పెట్టుకొని నిద్రపోవడం. పెట్టిన పాత దుంప ఆ ఏడాదే ఎండి తొక్కయిపోతుంది, దాని పక్కన కొత్త జంటదుంప ఊరి ఉంటుంది. గింజ వేసి కూడా పెంచవచ్చు గానీ పువ్వు చూడాలంటే రెండు మూడేళ్లు ఆగాలి.

మా పిల్లలు ఇది చంపే మొక్క అని తెలిశాక అడిగే మొదటి ప్రశ్న, అట్లైతే దేవుడు ఎందుకు పుట్టించినాడు సార్ అని. ఆ ప్రశ్నకు మేము జవాబు చెప్పం, వేరే సంగతులు చెబుతాం. తమిళనాడులో ధారాపురం, ఒట్టన్‌ఛత్రం వైపు రైతులు దీన్ని ఎకరాలకు ఎకరాలు పంటగా వేస్తారు, మనం బుడ్డలు వేసినట్టు. పువ్వులో కీలాగ్రం ఉన్న కాడ పక్కకు లంబకోణంలో వంగి ఉంటుంది కాబట్టి పుప్పొడి దానంతటది సరిగా అంటదు. పొద్దున్నే కూలీలు, ఎక్కువగా ఆడవాళ్లు, పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దుతారు. ఆ గింజల నుంచి తీసిన కాల్చిసిన్‌ను కీళ్లలో గౌట్ అనే జబ్బుకు డాక్టర్లు కొలిచి, చాలా తక్కువ మోతాదులో ఇస్తారు. గింజల్లేని కలింగర పండు పుట్టుక వెనకా ఈ మందే ఉంది. ఆయుర్వేదం దీన్ని ఉపవిషాల్లో లెక్కపెట్టింది, శుద్ధి చేయకుండా వాడవద్దంది. నాటువైద్యమని ఎవరైనా దీని గడ్డ అరగదీసి ఇస్తే, ముఖ్యంగా ఆడపిల్లలకు ఇస్తే, మింగవద్దని మాత్రం పెద్ద పిల్లలకు గట్టిగా చెబుతాం. గర్భఘాతిని అని దీనికింకో పేరుంది. ఆ పేరు వెనక ఎంతమంది ప్రాణాలు పోయి ఉంటాయో ఊహించుకోవచ్చు.

తమిళంలో దీన్ని కాందళ్ అంటారు, ఆ రాష్ట్ర పుష్పం ఇదే. సంగకాలపు కవి కపిలర్ కురింజిప్పాట్టులో కొండ మీది ఆడపిల్లలు ఏరిన తొంభైతొమ్మిది పూల పేర్లు వరసగా చెప్పాడు, అందులో మొదటి పేరు కాందళ్. ఆ కొండపిల్లలకు ఏ పువ్వును ఎట్లా పట్టుకోవాలో తెలిసే ఉంటుంది. ఆఫ్రికాలో జింబాబ్వేకు ఇది జాతీయ పుష్పం. ఆ దేశం దక్షిణ రొడీషియాగా ఉన్న కాలంలో, 1947లో, అక్కడి బడిపిల్లలు డబ్బులు పోగేసి ఎలిజబెత్ రాకుమారికి ఈ పువ్వు ఆకారంలో వజ్రాల బ్రోచ్ బహుమతిగా ఇచ్చారు. ఈ సంగతి చెబితే మా ఐదో తరగతి పిల్లవాడు, "వజ్రాల పువ్వులో గూడా విషముంటుందా సార్?" అన్నాడు. చాలాసేపు నవ్వుకున్నాం.

శనివారం చూసి వెళ్లిన పిల్లలకు ఇంటిపని ఒకటిస్తాం. ఇంట్లో దాదీనో నానీనో అడిగి, తినే గడ్డలేవి, తినకూడనివేవి, ఏ గుర్తుతో తెలుసుకుంటారు, రాసుకు రావాలి. గెనుసుగడ్డ, కంద, చేమ అందరూ రాస్తారు. నన్నారి, మారేడుగడ్డ కొందరు రాస్తారు. ఆకు కొన చుట్టుకొనే గడ్డ అని రాసుకొచ్చేవాళ్లు ఏడాదికి ఒకరో ఇద్దరో. ముసలమ్మలు తగ్గుతున్నారు. ఆ ఒకరిద్దరి కాగితాలను మేము దాచిపెడుతున్నాం, మా బోలీలోని ఆ పేరు ఎందులోనైనా దొరక్కపోతుందా అని.

పోయిన ఏడాది పిల్లల వెనకాలే, చనిపోయిన మా నేస్తం తల్లి కూడా వచ్చింది. ఎవరు చెప్పారో ఏమో. పువ్వు దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. ఇది నాకు తెలుసు, మా కంచె మీద రోజూ చూసిందే, దీని గడ్డ చూపించు బేటా అంది. ఇప్పుడు భూమిలో ఉంది, జనవరిలో తీస్తాం, అప్పుడు రా అన్నాం. సంక్రాంతి దాటాక గుర్తుపెట్టుకొని వచ్చింది.

కుండీ బోర్లించి కొత్త దుంప తీసి, అరుగు మీద పేపరు పరిచి పెట్టాం. పక్కనే సంతలో తెచ్చిన గెనుసుగడ్డ ఒకటి పెట్టాం, పిల్లలకు చూపించినట్టే. ఒకటి మధ్యలో లావుగా ఉబ్బి రెండు కొసలా సన్నబడింది, తొక్క మీద అక్కడక్కడ వేర్ల గుర్తులు. ఇంకొకటి నాగలిలాగా వంగి, నున్నగా, ఒకే మందాన, కొసన చిన్న మొలక. ఆమె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకొని, రెండిటి మీదికీ వంగి చూసింది. చేతులు మాత్రం ఒళ్లోనే పెట్టుకుంది.

"ఇంత తేడా ఉందే," అంది.

కాసేపటికి, నీళ్లు తాగి వెళ్లిపోయింది. మేము దుంపను కవరు తొడిగిన చేత్తో తీసి, పొడి ఇసుక నింపిన రేకు డబ్బాలో పెట్టి, మూత బిగించి, పైన అడవినాభి అని రాసి తాళం వేశాం.