అమ్మ నంబరు దొరికింది, కథ దొరకలేదు

"గుండెల్లో పట్టేసినట్టుంది నాన్నా" అంది అమ్మ. రాత్రి పదకొండు దాటింది. జులై నెల, మాకిక్కడ ఆక్లాండ్‌లో నడి చలికాలం. వంటింటి గట్టు పట్టుకుని నిలబడి ఉంది. ముఖం నిండా చెమట. అంబులెన్సు కోసం 111కి ఫోన్ చేశాను.

ఎమర్జెన్సీలో రిసెప్షన్ అమ్మాయి పేరు అడిగి వెతికింది. దొరకలేదు. ఇంటిపేరు ముందు పెట్టి వెతికింది, వెనక పెట్టి వెతికింది, లేదు. పాస్‌పోర్టులో అమ్మ పేరు ఒక తీరు, వీసా కాగితాల్లో ఇంకో తీరు. మనవాళ్ళందరికీ ఉన్న బాధే ఇది. అప్పుడు స్ట్రెచర్ మీద పడుకున్న అమ్మ తనే తన ఎన్‌హెచ్‌ఐ నంబరు, అంటే న్యూజిలాండ్‌లో ప్రతి రోగికీ ఇచ్చే నంబరు, చెప్పింది. మూడు ఇంగ్లిషు అక్షరాలు, నాలుగు అంకెలు. ఇంగ్లిషు చదవడం రాని అమ్మకు క్రైస్ట్‌చర్చ్‌లో ఒక నర్సు ఓపిగ్గా నేర్పించింది. ఎక్కడ పడిపోయినా ఇది చెప్పు చాలు అందట. నంబరు కొట్టగానే తెర మీద అమ్మ పేరు, పుట్టిన తేదీ, మా పాత చిరునామా వచ్చాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

అరగంటకు డాక్టరు ఈసీజీ కాగితం పట్టుకొచ్చాడు. లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ కనిపిస్తోంది, ఇది పాతదా కొత్తదా అని అడిగాడు. ఆ ప్రశ్న బరువెంతో నాకు తర్వాత తెలిసింది. గుండె కొట్టుకోవడానికి కావలసిన విద్యుత్తు ఎడమ పక్కకు ఆలస్యంగా చేరడమే ఈ బ్లాక్. కొందరికి ఏళ్ళ తరబడి ఉండి ఏ హానీ చేయకపోవచ్చు. ఛాతీ నొప్పితో కలిసి కొత్తగా కనబడితే మాత్రం గుండెపోటేమోనని అనుమానించాలి. పైగా ఆ గీతే మారిపోయి ఉంటుంది కాబట్టి, మామూలుగా గుండెపోటును పట్టించే గుర్తులు దాని చాటున మరుగున పడతాయి. పక్కన పాత ఈసీజీ ఒకటి ఉంటే చాలు, రెండూ పోల్చి చూసి బ్లాక్ పాతదో కొత్తదో నిమిషంలో తేల్చేయవచ్చు.

పాత ఈసీజీలు ఉన్నాయి. 2016 నుంచి అమ్మ మాతో క్రైస్ట్‌చర్చ్‌లోనే ఉంది, అక్కడ ఎన్నోసార్లు తీశారు. ఆ మాటే చెప్పాను. డాక్టరు కంప్యూటర్ వైపు చూసి, సౌత్ ఐలండ్ రికార్డులు మాకిక్కడ తెరుచుకోవు అన్నాడు. అది 2023. అంతకు ఏడాది ముందే, 2022 జులై 1న, న్యూజిలాండ్‌లోని 20 జిల్లా ఆరోగ్య బోర్డులను రద్దుచేసి అన్నిటినీ కలిపి హెల్త్ న్యూజిలాండ్, మావోరీ మాటలో తె ఫాటు ఓరా, అనే ఒకే సంస్థగా చేశారు. క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రికీ ఈ ఆసుపత్రికీ యజమాని ఒకరే, పేషెంటు నంబరు ఒకటే. కానీ ఆ నంబరు వెనక తలుపులు మాత్రం ఏ ప్రాంతానికి ఆ ప్రాంతానివే.

ఆక్లాండ్ వచ్చి అప్పటికి నాలుగు నెలలు. కొత్త జీపీ (ఫ్యామిలీ డాక్టరు) క్లినిక్ ఇంకా దొరకలేదు. ఎక్కడ అడిగినా కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదన్నారు. జీపీ కుదిరితే పాత క్లినిక్ ఫైలు కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు వచ్చేస్తుంది, ఆ ఏర్పాటు ఈ దేశంలో బాగానే ఉంది. మాకు ఆ వంతెన కూడా లేని రాత్రి అది.

ఆ రాత్రి అమ్మకూ డాక్టరుకూ మధ్య మాటలు మోసింది నేనే. తెలుగు దుబాసీ కావాలంటే పొద్దున్న దాకా ఆగాలన్నారు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎడమ చేతిలోకి పాకిందా, ఇంతకు ముందెప్పుడైనా వచ్చిందా? "ఎప్పుడూ రాలేదని చెప్పు" అంది అమ్మ. చెప్పాను. రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా? ఎకోస్ప్రిన్ అంది. డాక్టరుకు ఆ పేరు తెలియలేదు. మొన్న తెనాలి వెళ్ళినప్పుడు తెచ్చుకున్న అట్ట చీటీ నా ఫోన్‌లో ఫొటోగా ఉండబట్టి, అది ఆస్పిరిన్ అని తేలింది. సుగర్ ఎంత ఉంటుందంటే "నూట ఎనభై" అంది. ఇక్కడి లెక్కలో అది 10. క్రైస్ట్‌చర్చ్‌లో మొదటిసారి మీ సుగర్ 10 అన్నప్పుడు అమ్మ ఇంత పడిపోయిందా అని భయపడిపోయింది. మూడు నెలల సగటు పరీక్ష కూడా అంతే, మన దగ్గర 7 శాతం అని రాసేది ఇక్కడ 53 అవుతుంది. అర్ధరాత్రి కొడుకు నోట ఇన్ని లెక్కలు మారి వచ్చే జబ్బు చరిత్రను ఏ డాక్టరు నమ్మగలడు?

పాత కాగితం లేక గంటలు గడిచాయి. గుండె కండరం దెబ్బతిందేమో చూసే ట్రోపోనిన్ రక్తపరీక్ష ఒకసారి, మళ్ళీ ఒకసారి. గుండె డాక్టరును నిద్రలేపారు, స్కానింగ్ చేశారు. వాళ్ళలో ఎవరినీ నేను తప్పుపట్టను. చేతిలో ఉన్న దానితో చేయగలిగినంతా చేశారు. తెల్లారాక ఎవరో క్రైస్ట్‌చర్చ్‌కు ఫోన్ చేస్తే, పాత ఈసీజీ, డిశ్చార్జి లెటరు ఈమెయిల్‌లో వచ్చాయి. బ్లాక్ పాతదే. నాలుగేళ్ళ కిందటి కాగితంలో అచ్చం అదే గీత. గుండెపోటు కాదు.

డిశ్చార్జి లెటరు నేను చదివాను. 2019లో అమ్మ రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయిందని, ఛాతీలో ఇలాంటి నొప్పే వచ్చిందని ఉంది. ఆ వారం నేను ఆఫీసు పని మీద వెల్లింగ్టన్‌లో ఉన్నాను, నా భార్య ఆసుపత్రికి తీసుకెళ్ళింది. చివర నర్సు రాసిన ఒక వాక్యం ఉంది. కొడుకు కంగారు పడతాడని, అతనికి చెప్పవద్దని ఈమె కోరుతోంది అని. అత్తాకోడళ్ళిద్దరూ నాలుగేళ్ళు ఆ మాట దాచారు. ముందు రాత్రి నేను డాక్టరుకు ఎంతో ధీమాగా చెప్పిన "ఎప్పుడూ రాలేదు" అబద్ధం. కొడుకు ఎదురుగా ఉంటే తల్లి చెప్పేది సగం. ఆ సగంలోనూ నేను అనువదించగలిగేది ఇంకొంత తక్కువ. అమ్మ కథ మొత్తం తెలిసిన మనిషి ఆ రాత్రి అక్కడ ఎవరూ లేరు. తెలిసింది ఆ ఫైలుకొక్కదానికే, అది రెండు దీవుల నడుమ ఉన్న కుక్ జలసంధికి ఆవల ఉండిపోయింది.

అందుకే, దేశమంతటికీ ఒకే ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డు కావాలని ఎవరైనా అంటే నేను ఆగి వింటాను. ఖర్చు తగ్గుతుంది, పరీక్షలు రెండుసార్లు చేయక్కర్లేదు అంటారు. నిజమే. కానీ భాష రాని ముసలివాళ్ళకు ఆ రికార్డు నోరు. ఊరు మారితే ఆ నోరు పడిపోకూడదు.

ఇది చేయగలిగిన పనే అని చెప్పడానికి నాకు క్రైస్ట్‌చర్చే సాక్ష్యం. 2011 ఫిబ్రవరి 22న వచ్చిన భూకంపంలో ఆ ఊరు 185 మందిని పోగొట్టుకుంది. మేం 2014లో వెళ్ళేసరికి కూడా నడిబొడ్డున బోలెడన్ని ఖాళీ స్థలాలు, మధ్యలో కంచెలు. భూకంపంలో కూలిన, మూతపడ్డ భవనాల్లో క్లినిక్‌లూ ఉన్నాయి, వాటిలోని రికార్డులు అందక డాక్టర్లు పడ్డ అవస్థ అక్కడివాళ్ళు చెబుతుంటారు. ఆ దెబ్బ తర్వాతే జీపీ, మందుల షాపు, ఆసుపత్రి ఒకరి రాతలు ఒకరు చూసుకునే రికార్డును కాంటర్‌బరీలో పట్టుబట్టి కట్టుకున్నారు. హెల్త్‌వన్ అన్న పేరుతో అది సౌత్ ఐలండ్ అంతటికీ పాకింది. అమ్మ నాలుగేళ్ళ కిందటి మాట అక్కడ ఏ డాక్టరుకైనా కనబడేది. ఉత్తర దీవిలో ఆక్లాండ్ చుట్టుపక్కల ప్రాంతాలు వాళ్ళ సొంత పోర్టల్ వాళ్ళు కట్టుకున్నారు. దేనికది మంచిదే. మంచివి రెండు కలవకపోవడమే మా అమ్మకు వచ్చిన చిక్కు.

నేను బ్యాంకుల్లో డేటా మైగ్రేషన్ పని చేస్తాను. రెండు బ్యాంకులు కలిస్తే ఖాతాలను ఒక వ్యవస్థ నుంచి ఇంకో వ్యవస్థకు చేర్చడమే నా ఉద్యోగం. కాబట్టి ఎందుకు చేయరు అని కోపంగా అడిగే హక్కు నాకు లేదు. ఎంత కష్టమో నాకు తెలుసు. ఒకే మనిషికి రెండు నంబర్లు పడి ఉంటాయి, ముఖ్యంగా మనలాగా పేర్లు అటూ ఇటూ అయ్యేవాళ్ళకు. ఒకే రక్తపరీక్షకు ఒక ల్యాబులో ఒక పేరు, ఇంకో ల్యాబులో ఇంకో పేరు. జబ్బులకు స్నోమెడ్ వంటి ఉమ్మడి సంకేతాలున్నా, పాత రాతలన్నిటినీ వాటిలోకి మార్చడానికి మనుషులు కూర్చోవాలి. 20 బోర్డుల నుంచి వారసత్వంగా వచ్చిన సాఫ్ట్‌వేర్లు వేల సంఖ్యలో ఉన్నాయి. బ్యాంకులో రెండు ఖాతాలు పొరపాటున కలిస్తే డబ్బు తిరిగి సరిచేస్తాం. ఇద్దరు మనుషుల మందుల జాబితాలు కలిస్తే ఏమవుతుందో తలచుకోవడానికే భయం. నిదానంగా చేయమంటే ఒప్పుకుంటాను. ఆపేయమంటే ఒప్పుకోను. ప్రాంతాల రికార్డులన్నిటినీ కలపడానికి 'హీరా' అని ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, 2024లో దాన్ని బాగా కుదించారు. అదే ఏడాది చివర్లో హెల్త్ న్యూజిలాండ్ డిజిటల్ విభాగంలో పెద్దసంఖ్యలో ఉద్యోగాలు తీసేయాలని ప్రతిపాదించారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఎవరో లెక్కల్లో 'మిగులు' అని రాసుకున్న ఆ మనుషులే కదా, ఆ రాత్రి తెరుచుకోని తలుపును తెరవాల్సినవాళ్ళు.

అన్నీ ఒకచోట పెడితే అన్నీ ఒకేసారి పోతాయన్న భయం కూడా ఉట్టిది కాదు. 2021 మేలో ఇక్కడి వైకాటో ప్రాంతపు ఆసుపత్రుల కంప్యూటర్లను రాన్సమ్‌వేర్ ముఠా స్తంభింపజేసింది. ఐదు ఆసుపత్రుల్లో ఫోన్లతో సహా ఆగిపోయాయి, ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, రేడియేషన్ కోసం క్యాన్సర్ రోగులు వేరే ఊళ్ళకు వెళ్ళాల్సి వచ్చింది. తర్వాత రోగుల వివరాలు డార్క్ వెబ్‌లో తేలాయి. మావోరీలు తమ సమాచారాన్ని తవోంగా అంటారు, కాపాడుకోవాల్సిన నిధి అని. దాన్ని ఎవరు దాచాలో, ఎవరు చూడాలో తమ మాట లేకుండా తేల్చకూడదన్నది వాళ్ళ పట్టు. మొదట ఆ పట్టు నాకు అంతగా అర్థం కాలేదు. డిశ్చార్జి లెటరులో ఆ చివరి వాక్యం చదివాక అర్థమైంది. అమ్మ ఆ మాట నర్సును నమ్మి చెప్పింది, నన్ను కాదు. డాక్టర్లు చూడాల్సిన ఆ కాగితాన్ని అమ్మను అడక్కుండా నేను చదివేశాను. దేశం మొత్తానికి తెరుచుకునే రికార్డులో ఎవరు ఎప్పుడు ఏం చూశారో రోగికి కనబడాలి. చూడవద్దనే హక్కు, కొడుకును కూడా వద్దనే హక్కు, రోగికి ఉండాలి.

తెనాలి నుంచి వచ్చేటప్పుడు అమ్మ ఒక గుడ్డ సంచి తెచ్చుకుంది. 2009లో విజయవాడలో తీసిన ఎకో రిపోర్టు, గుంటూరు డాక్టరు చీటీలు, ఎక్స్‌రేలు. మన దగ్గర ఫైలు రోగి ఇంట్లోనే ఉంటుంది. పోయినా, తడిసినా మన బాధే, కానీ ఎక్కడికెళితే అక్కడికి చంకన పెట్టుకుని వెళ్ళవచ్చు. ఇప్పుడు అక్కడా ఆభా అని 14 అంకెల ఆరోగ్య ఖాతా వచ్చింది. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలుపెట్టారు. మా పిన్నికి ఉంది. కానీ డాక్టరు దగ్గరికి ఆవిడ ఇప్పటికీ సంచితోనే వెళుతుంది. ఇక్కడికొచ్చాక అమ్మ సంచి అటక మీదికి వెళ్ళింది. అన్నీ కంప్యూటర్‌లో ఉంటాయమ్మా, మోయక్కర్లేదు అని దాన్ని పైన పెట్టించింది నేనే.

ఇంటికొచ్చిన మూడో రోజు నిచ్చెన వేయించి సంచి దింపించుకుంది. వారం తర్వాత చెకప్‌లో డాక్టరును తనే అడిగింది, నా వైపు చూడకుండా, చేత్తో కాగితం సైగ చేస్తూ. ఆ డాక్టరమ్మ రెండు ఈసీజీలూ ప్రింటు తీసి ఇచ్చింది, పాతది, కొత్తది. అమ్మ వాటిని మడవకుండా విజయవాడ రిపోర్టు పక్కన పెట్టింది. కారెక్కాక, నేను అడక్కుండానే, 2019లో మొదటిసారి కళ్ళు తిరిగిన రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.