అమ్మ పళ్ళ ప్రోగ్రెస్ కార్డు

మా అమ్మాయి మీ పిల్లలతోపాటే ఎనిమిదో తరగతి చదువుతోంది. పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో "మాట్లాడుతుంటే మీ పళ్ళ మీద ఏదో మెరుస్తోందండీ, ఏమిటది?" అని ముగ్గురు నలుగురు అడిగారు. క్యూలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. అందుకే ఇలా రాస్తున్నాను.

నాకు చిన్నప్పటినుంచీ పన్ను మీద పన్ను. "అదృష్టమే, ఉండనివ్వండి" అనేది మా అమ్మమ్మ. అదృష్టం సంగతేమో గానీ, నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మాత్రం అలవాటైపోయింది. మా పెళ్ళి ఆల్బమ్ మొత్తం తిరగేసినా నేను పళ్ళు కనబడేలా నవ్విన ఫోటో ఒక్కటీ దొరకదు. 41 ఏళ్ళు వచ్చేదాకా అదేం పెద్ద విషయం అనిపించలేదు. కిందటేడాది యాన్యువల్ డే ఫోటోలు వచ్చాయి. గ్రూప్ ఫోటోలో పిల్లలంతా పగలబడి నవ్వుతున్నారు. మా పిల్ల ఒక్కతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన పళ్ళు ముత్యాల్లా ఉంటాయి, దాచుకోవాల్సిన పనే లేదు. మరి ఎవరిని చూసి నేర్చుకుంది?

ఆ నెలలోనే ఆర్థోడాంటిస్ట్ దగ్గరికి వెళ్ళాను. ఈ వయసులో పళ్ళు కదులుతాయా అన్నదే నా అనుమానం. కదులుతాయట. పన్నుకీ దవడ ఎముకకీ మధ్య ఒక సన్నని పొర ఉంటుంది. పన్నును మెల్లగా, ఆపకుండా నెడుతూ ఉంటే ముందు వైపు ఎముక కొంచెం కరిగి దారి ఇస్తుంది, వెనక వైపు కొత్త ఎముక పడుతుంది. పెద్దవాళ్ళలోనూ ఇది జరుగుతుంది గానీ చిగుళ్ళు బాగుండాలి. అందుకని ముందు ఎక్స్‌రే తీశారు, గార తీశారు, ఒక పుచ్చు పన్నుకు ఫిల్లింగ్ పెట్టారు. ఆ తర్వాతే నోరు స్కాన్ చేశారు.

క్లిప్పులు వద్దు, అలైనర్లు కావాలన్నాను. గాజులా కనబడే పల్చటి ప్లాస్టిక్ ట్రేలు. నాకు 26 జతలు వచ్చాయి. ఒక్కో జత పది రోజులు. ఒక్కో ట్రే పన్నును జరిపేది మహా అయితే పావు మిల్లీమీటరు. పట్టు కోసం కొన్ని పళ్ళ మీద పంటి రంగులోనే చిన్న బొడిపెలు అతికిస్తారు. చోటు కోసం రెండు పళ్ళ మధ్య కాస్త అరగదీశారు. నొప్పి లేదు గానీ ఆ శబ్దం నాకు ఇప్పటికీ గుర్తే. ఈ పద్ధతిని 1997లో వ్యాపారంగా మొదలుపెట్టిన జియా చిష్తీ, కెల్సీ వర్త్ ఇద్దరూ డెంటిస్టులు కారు, స్టాన్‌ఫర్డ్‌లో ఎంబీఏ చదివినవాళ్ళు. అదే ఇన్విజలైన్. కదలికలన్నీ కంప్యూటర్లో ముందే గీసి ఉంటాయి. మన వంతు ఒక్కటే, రోజుకు 22 గంటలు ట్రేలు నోట్లో ఉంచుకోవడం. ఏం తినాలన్నా తీసెయ్యాలి, మళ్ళీ బ్రష్ చేసుకుని పెట్టుకోవాలి. మంచినీళ్ళు తప్ప ఏదీ తాగకూడదు. టీ కూడా! వేడికి ట్రే ఆకారం చెడుతుంది, రంగూ పడుతుంది. రోజుకు నాలుగు టీలు తాగే మనిషికి అసలు పరీక్ష అక్కడే.

లెక్క కోసం మా అమ్మాయి ఒక చార్టు గీసి ఫ్రిజ్ మీద అంటించింది. రోజూ రాత్రి ఎన్ని గంటలు పెట్టుకున్నానో నేను రాయాలి. ప్రతి ఆదివారం బాల్కనీలో అదే గోడ దగ్గర, అదే వెలుతురులో తను ఫోటో తీస్తుంది. వారానికీ వారానికీ ఏ తేడా కనబడదు. మొదటి ఫోటో, ఎనిమిదో ఫోటో పక్కపక్కన పెట్టినప్పుడు మాత్రం ఇద్దరం కేక వేశాం.

ఆ తర్వాత శ్రావణం వచ్చింది. తెనాలిలో మా పిన్ని కూతురి పెళ్ళి. భోజనాల దగ్గర టిష్యూలో చుట్టి పెట్టిన ట్రేల్ని విస్తరాకుతోపాటు ఎత్తేయబోయారు, చివరి క్షణంలో పట్టుకున్నాను. ఇక భయం వేసి డబ్బాలో పెట్టి హ్యాండ్‌బ్యాగులో పడేశాను. మూడు రోజులూ అవి చాలావరకు అక్కడే ఉన్నాయి. ఇంటికొచ్చాక ఆఫీసులో ఆడిట్, టీల మీద టీలు. చార్టులో మాత్రం రోజూ 22 అనే రాశాను.

పదకొండో ట్రే సరిగ్గా కూర్చోలేదు. పై కోరపన్ను పక్కనున్న చిన్న పన్ను దగ్గర, ట్రేకీ పంటికీ మధ్య ఖాళీ కనబడుతోంది. డాక్టర్ గారు చూసి, "ఈ పన్ను ట్రే వెంట రావడం లేదు, ట్రాకింగ్ తప్పింది. రోజుకు ఎన్ని గంటలు పెడుతున్నారమ్మా?" అన్నారు.

"ఇరవై రెండండీ" అన్నాను. పక్కనే మా అమ్మాయి. ఏమీ అనలేదు. చేతిలో ఉన్న పాత పత్రికలో పేజీ తిప్పింది.

మళ్ళీ పదో ట్రే పెట్టుకుని రెండు వారాలు ఉండమన్నారు. మెత్తటి రబ్బరు ముక్కలిచ్చి, ట్రే అంచు పంటికి అంటేదాకా రోజూ కాసేపు కొరకమన్నారు. అలాగే ముందుకు పోతే ఖాళీ ట్రే ట్రేకీ పెరుగుతుందట.

ఆ రాత్రి వంటింట్లోకి వెళ్తే చార్టు పక్కన దారంతో వేలాడుతూ ఎర్ర పెన్ను. "అమ్మా, అన్నీ 22 లే రాశావు. ఒక్క రోజన్నా 21 రావాలిగా" అంది. నేను తేరుకునేలోపే, "తక్కువున్నా నేనేం అనను, నిజం రాయి" అంది.

ఆ మాట నాదే. ఏడో తరగతిలో లెక్కల వీక్లీ టెస్టులో 17 వస్తే 21 అని చెప్పింది. యాప్‌లో చూసి పట్టుకుని, "మార్కులు తక్కువొచ్చినా నేనేం అనను, అబద్ధం చెబితేనే కోపం" అని గంటసేపు క్లాసు పీకాను. నిజంగా అంతకుముందు తక్కువొచ్చినప్పుడు ఏమీ అనలేదా? అన్నాను. పక్కింటి పిల్లతో పోల్చి మరీ అన్నాను. అది తనకూ గుర్తే ఉంటుంది. అయినా ఆ రాత్రి ఎత్తలేదు. గుర్తున్నంత వరకు దిద్దాను. 14, 17, 15, మళ్ళీ 15. తను చూసి ఊరుకుంది, చెప్పినట్టే ఒక్క మాటా అనలేదు. మరుసటి వారం టెస్టు మార్కులు యాప్‌లో రాకముందే తనే చెప్పింది. ఏమీ అనకుండా ఉండటానికి నాకు 22 గంటలకన్నా ఎక్కువ కష్టమైంది.

ఆదివారం ఫోటోల్లో ఆ చిన్న పన్ను మూడో వారానికి ట్రేలోకి వచ్చింది. 26 జతలూ అయ్యాయి గానీ, అదే పన్ను ఇంకా కొంచెం మెలి తిరిగి ఉంది. మళ్ళీ స్కాన్ చేసి మరో ఎనిమిది జతలు ఇచ్చారు. చాలామందికి ఇలా రెండో విడత తప్పదట. అవయ్యాక రాత్రిపూట రిటైనర్ పెట్టుకోవాలి. ఎన్నాళ్ళని అడిగితే, "పళ్ళు ఉన్నన్నాళ్ళూ" అన్నారు. మానేస్తే పళ్ళు మెల్లగా పాత చోటికే బయల్దేరతాయి.

పిల్లల గురించి అడిగిన వాళ్ళకి ఒక్క మాట. పళ్ళ వరస ఒకసారి చూపించడానికి ఏడేళ్ళ వయసు సరైనదంటుంది అమెరికన్ ఆర్థోడాంటిస్టుల సంఘం. వెంటనే క్లిప్పులు వేయించాలని కాదు, చూపించడమే.

కొత్త జత సోమవారమే మొదలైంది. మొదటి నాలుగైదు రోజులు నాకు 'స' సరిగ్గా పలకదు. శనివారం మీటింగ్‌లో "థార్, మా పాప థైన్సు మార్కులు" అని వినిపిస్తే నేనే అనుకోండి. నవ్వొస్తే నవ్వేయండి, మా అమ్మాయి ఇంట్లో ఎలాగూ నవ్వుతోంది. నిన్నయితే రెండు చేతుల్లోనూ ఇడ్లీ పిండి గిన్నె పట్టుకుని నవ్వింది.