రాయిలో ఉల్లిపొరలు

కర్నూలు మార్కెట్ యార్డు ఇంకా కనిపించకముందే ముక్కు చెబుతుంది... ఉల్లి వచ్చేసిందని! బస్తాలు, కుప్పలు, కాళ్లకింద ఎగిరే గులాబీరంగు పొట్టు. ఆ కుప్పల్లోంచి అరకిలో కొనుక్కుని మేం వెళ్లింది వంటింటికి కాదు. ఊరి శివారులోని ఓ హైస్కూలుకి. అక్కడ తొమ్మిదో తరగతి పిల్లలు సూక్ష్మదర్శిని ముందు వరస కట్టి ఉన్నారు.

ఉల్లిపాయను కోసి, రెబ్బమీది పల్చటి పొరను గోటితో లాగి గాజుపలక మీద పరిచారు సైన్సు టీచరు. చదువుకునే రోజుల్లో మనమంతా చేసిందే. సఫ్రానిన్ చుక్క వేయడం, బొమ్మ గీయడం, భాగాలు గుర్తించడం, అయిదు మార్కులు తెచ్చుకోవడం... తర్వాత మరిచిపోవడం. నేనూ అంతే. కంటికి ఆనించి చూస్తే ఇటుకలు పేర్చిన గోడ. ఒక్కో ఇటుకా ఒక్కో కణం. ఒక్కోదాంట్లో ఎర్రటి చుక్క... అదే కేంద్రకం. 1665లో రాబర్ట్ హుక్ బెరడుముక్కలో చూసినవి మాత్రం ఖాళీ గదులే. అవి చచ్చిన కణాలు. లోపలుండే ఈ చుక్కకు కేంద్రకమని పేరు పెట్టడానికి 1831 దాకా ఆగాల్సొచ్చింది. ఆ పని చేసింది రాబర్ట్ బ్రౌన్.

ఈసారి ఎర్రగడ్డ పైపొర తీసి, రంగేమీ వేయకుండా పెట్టారు టీచరు. గదుల నిండా ఊదారంగు నీళ్లు! 'అదే రిక్తిక' అన్నారామె. పేరు చూసి ఏమీ లేదనుకుంటాం గానీ కణంలో ఎక్కువ చోటు ఆక్రమించేది ఈ నీటితిత్తే. కేంద్రకం, మైటోకాండ్రియా, మిగతా సరంజామా అంతా గోడవారన సర్దుకోవాలి. సైకిల్ ట్యూబులో గాలిలాగా ఈ నీళ్లు లోపలినుంచి కణకవచాన్ని నెడుతుంటేనే ఆకు నిటారుగా నిలుస్తుంది.

తర్వాత అంచున ఉప్పునీటి చుక్క వేశారు. రెండు నిమిషాల్లో ఊదారంగు ముడుచుకుపోయింది. గోడ అలాగే ఉంది. లోపలి మనిషి మాత్రం గోడ వదిలి మూలకు ఒదిగినట్టుంది! మంచినీళ్లు వేస్తే మళ్లీ విచ్చుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

'ఆలస్యమైతే విచ్చుకోదు' అన్నారు టీచరు. 'అప్పుడు నీళ్లు పోసినా ఒకటే, పోయకున్నా ఒకటే.'

బయల్దేరుతుంటే ఆవిడే చెప్పారు. 'ఉల్లిపొరలు రాయిలో చూడాలంటే వేంపల్లె పోండి. మా పిల్లల్ని తీసుకుపోవాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నా... కుదరలేదు.'

సముద్రం వదిలిన గుర్తు

కర్నూలు నుంచి కడప... రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. నంద్యాల దాటాక ఎడమచేతి వైపు నల్లమల, దారివెంట కేసీ కాలువ కింది పచ్చదనం. కడప దాటి వేంపల్లె దారి పట్టాక అసలు సీమ మొదలవుతుంది. ఎర్రటి కొండలు, తుప్పలు, గట్లమీద నాగజెముడు. ఈ నాగజెముడుదీ ఒక కథే. పగలు పత్రరంధ్రాలు తెరిస్తే నీళ్లు ఆవిరైపోతాయని రాత్రిపూట తెరుస్తుంది. పీల్చిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా మార్చి రిక్తికల్లో దాస్తుంది. తెల్లారాక తలుపులు మూసుకుని వండుకుంటుంది. అందుకే దాని మట్టల రసం సాయంత్రం కంటే వేకువన పుల్లన!

కడపలో భూగర్భశాస్త్రం చెప్పే లెక్చరర్ ఒకాయన మాతో వచ్చారు. పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకొచ్చే గండి చూసి, ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని, ఆవల పులివెందుల వైపు ఓ గుట్టెక్కాం. బూడిదరంగు బండలు. పైన ఏనుగు చర్మంలాంటి ముడతలు. పగిలిన ఓ రాతి పక్కకు నీళ్లు చల్లి చెయ్యి పెట్టి చూపించారాయన.

అడ్డంగా కోసిన ఉల్లిపాయ! ఒకదానిమీద ఒకటి, గోపురంలా వంగిన సన్నటి పొరలు. పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి...

వీటిని స్ట్రోమటోలైట్లంటారు. కట్టింది కంటికి కనిపించని నీలి ఆకుపచ్చ శైవలాలు. నిజానికవి బాక్టీరియాలు. కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు. ఉన్నదల్లా ఒంటికి జిగురు, లోపల పత్రహరితం. అప్పుడిది లోతులేని సముద్రం. అడుగున ఈ కణాలు చాపలా పరుచుకునేవి. అలలు తెచ్చిన సున్నపు ఒండ్రు ఆ జిగురుకు అంటుకునేది. వెలుతురు కోసం అవి పైకి పాకేవి. మళ్లీ ఒండ్రు... మళ్లీ పొర.

ఎప్పటి మాట? వేంపల్లె రాళ్లకంటే పైవరసలోని పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిల ఒకటి పులివెందుల దగ్గరుంది. దాని వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని 2008లో లెక్క తేల్చారు. కిందున్న ఈ రాళ్లు అంతకంటే పాతవి. అప్పటికి చేప లేదు, చెట్టు లేదు, గడ్డిపోచ లేదు. 1872లో విలియం కింగ్ ఈ ప్రాంతపు రాళ్లమీద రాసిన గ్రంథంతో కడప, కర్నూలు పేర్లు భూగర్భశాస్త్రంలోకి ఎక్కాయి. తుమ్మలపల్లెలో యురేనియం దొరికిందీ ఈ వేంపల్లె రాళ్లలోనే కాబట్టి ఆ పేరు పేపర్లకీ ఎక్కింది. పొరల్ని కట్టిన కణాల సంగతి మాత్రం ఊళ్లో ఎవర్నడిగినా తెలియదన్నారు.

అవి అంతరించాయా అంటే లేదు. వాటి జాతికి చెందిన ఓ కణాన్ని వంద కోట్ల ఏళ్లకు పైచిలుకు కిందట మరో పెద్ద కణం మింగింది. అరిగించుకోలేదు. లోపలే ఉండనిచ్చింది. ఇప్పుడు ఆకుల్లో మనం హరితరేణువు అని బొమ్మ గీసేది దాని సంతతినే. మైటోకాండ్రియాదీ ఇలాంటి కథే, కాకపోతే అది వేరే బాక్టీరియా. 1967లో లిన్ మార్గులిస్ ఈ మాటను వ్యాసంగా అచ్చువేయించేలోపు ఎన్నో పత్రికలు తిప్పికొట్టాయి. తర్వాత హరితరేణువులోని, మైటోకాండ్రియాలోని జన్యుపదార్థం బాక్టీరియాలదాన్ని పోలి ఉందని రుజువయ్యాక అందరూ ఒప్పుకున్నారు. మైటోకాండ్రియాలో ఎక్కువగా తయారయ్యే శక్తి నాణెం ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్లలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆ పేరూ బడి పిల్లలకు చెప్పాలి.

పొద్దున కూడా వాడితే...

గుట్ట దిగితే చీనీ తోట. మనం బత్తాయి అనేదే ఇక్కడ చీనీ. ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. తోట మధ్యలో బోరుబండి రొద. గట్టుమీద కూర్చున్న రైతు మమ్మల్ని చూసి 'రాళ్లు చూసేకొచ్చినారా సార్' అన్నాడు నవ్వుతూ. ఉన్న రెండు బోర్లూ ఎండిపోయాయట. ఇది మూడోది. గండికోట నుంచి చిత్రావతి రిజర్వాయరుకు ఎత్తిపోసే నీళ్లు పులివెందుల వైపు కొంత ఊరట. కాలవ అందని ఇలాంటి మిట్టలకు బోరే దిక్కు.

ఆకు ముడుచుకుంది కదా, ఇంకా బతుకుతుందా అని అడిగాను.

'మధ్యాన్నం వాడితే ఏం కాదు సార్, సందేళకు తేరుకుంటాది. పొద్దున్నే లేచి చూసినప్పుడూ వాడే ఉందనుకో... ఇంగ ఆ చెట్టుమీద ఆశ వదులుకోవాల్సిందే. ఇయ్యాల పొద్దున మూడు వరసలు అట్లనే ఉండాయి.'

లెక్చరర్ నా వైపు చూశారు. ఉప్పునీటి చుక్క గుర్తొచ్చింది నాకు. ఆకు అడుగున ప్రతి పత్రరంధ్రానికీ కాపలాగా రెండు రక్షక కణాలు. నీళ్లుంటే ఉబ్బి తలుపు తెరుస్తాయి, లేకుంటే వాలిపోయి మూసేస్తాయి. తలుపు మూసుకుంటే గాలి రాదు. హరితరేణువులకు ఎండ ఎంత ఉన్నా పనుండదు. అవతల రిక్తికలు ఒక్కోటీ గోడ వదులుతుంటాయి. ఇదంతా ఆ రైతుకు నేనేం చెప్పను! ఆయనకు తెలిసిన లెక్క ఇంతకంటే సూటిగా ఉంది.

బోరుబండి కక్కుతున్న బూడిదరంగు పొడి గాలికి లేచి ముడుచుకున్న ఆకుల మీద పడుతోంది. లెక్చరర్ గుప్పెడు తీసి వేళ్లమధ్య నలిపారు. పైన గుట్టమీద మేం చూసిన రాయే... మరబట్టినట్టు.

రైతు తువ్వాలుతో ఓ కొమ్మమీది దుమ్ము దులిపి, బండివైపు కేకేశాడు.

'ఎంతైంది రా?'

'ఏడొందల అడుగులన్నా! ఇంకా పొడే వస్తాంది.'