ఈ ఏడుపేమిటి?

బాయిలర్ అంటే మా అత్తయ్యకు తెలిసింది ఒక్కటే. తెనాలిలో పెరట్లో నూతి పక్కన ఉండేది. రాగిది. నడుమ గొట్టం, గొట్టం అడుగున ఇనప జల్లెడ, పక్కన కుళాయి. గొట్టంలో బొగ్గులూ కొబ్బరి డొక్కలూ వేసి అంటిస్తే చుట్టూ ఉన్న నీళ్ళు కాగుతాయి. నేను కాపురానికి వెళ్ళిన కొత్తలో పండగ వస్తోందంటే దాన్ని చింతపండు పెట్టి తోమడం నా వంతు. అలాంటావిడకు ఇక్కడ రెడింగ్‌లో మా వంటింటి గోడకున్న తెల్లడబ్బా చూపించి "ఇదే అత్తయ్యా మన బాయిలరు" అంటే, పైకీ కిందికీ చూసి "ఇదా! మరి నిప్పేదీ?" అన్నారు.

నిప్పు లోపలే ఉంటుంది. గ్యాస్ వచ్చి మండుతుంది, ఆ వేడినీళ్ళు ఇల్లంతా ఉన్న రేడియేటర్లలో తిరుగుతాయి. కుళాయిలో వేడినీళ్ళూ దాన్నుంచే. అందుకే అది ఆగిందంటే చలి కాచుకోవడమూ స్నానమూ రెండూ ఒకేసారి ఆగుతాయి.

2022 డిసెంబరు రెండో వారం ఇక్కడున్న వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. వరసగా రాత్రిళ్ళు సున్నా కిందికి పోయింది చలి. అందులో ఒకరోజు పొద్దున్న ఆరింటికి లేచి రేడియేటర్ మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది. బాయిలర్ మీద రోజూ డిగ్రీలు కనబడే చోట రెండు ఇంగ్లీషు అక్షరాలు మిణుకుమిణుకుమంటున్నాయి. ఈ, ఏ. మా ఆయన ఆఫీసు పనిమీద లీడ్స్‌లో ఉన్నారు. అత్తయ్యకు డెబ్భై నాలుగేళ్ళు, చలి తగిలితే ఆయాసం. ఇన్‌హేలర్ ఉంది కానీ, ఇల్లు చల్లబడితే సాయంత్రానికి దానితో పని జరగదని నాకు తెలుసు.

తెలుగు బీఏ చదివినదాన్ని కదా, ఆ రెండక్షరాలు చూడగానే నాకు తోచింది "ఈ ఏడుపేమిటి" అనే!

సొరుగులోంచి పుస్తకం తీసి చూస్తే దానికి రాసిన అర్థం ఒక్క ముక్క: మంట కనబడలేదు. ఎందుకు కనబడలేదో లేదు. ఇంకో సంగతి, ఈ కోడ్‌లు అన్ని కంపెనీలకూ ఒకటి కావు. నీటి ఒత్తిడి తగ్గితే ఒకరి బాయిలర్ ఎఫ్22 అంటుంది, ఇంకొకరిది ఎఫ్1 అంటుంది, మరొకరిది ఈ119 అంటుంది. పక్కింటి వాళ్ళు చెప్పిన వైద్యం మన ఇంటికి పనికిరాదు. మేం అద్దెకుంటున్నాం కాబట్టి ఏజెంటుకు ఫోన్ చేశాను. ఊరంతా ఇదే గోల, ఇంజనీరు ఎల్లుండి వస్తాడన్నారు.

సరే, నా చేతిలో ఉన్నవి చూద్దామనుకున్నాను. గ్యాస్ వాసన లేదు. ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు, స్విచ్‌లేవీ ముట్టకుండా, కిటికీలు తెరిచి, అందరం బయటికొచ్చి 0800 111 999కి ఫోన్ చేయడమే. తర్వాత పొయ్యి వెలిగించాను, నీలంగా మండింది. అంటే ఇంటికి గ్యాస్ వస్తోంది. బాయిలర్ కిందున్న ముల్లు ఒకటికీ రెండుకీ మధ్య ఉంది, నీటి ఒత్తిడి సరిగ్గానే ఉంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కితే కూసింది. ఇక రీసెట్. నొక్కితే లోపల ఫ్యాను తిరిగింది, టిక్ టిక్ టిక్ మంది, ఆగింది. మళ్ళీ అవే అక్షరాలు. ఆగే ముందు మాత్రం సింకులోంచి ఆఖరి నీళ్ళు దిగేటప్పుడు వచ్చినట్టు గుడగుడమని చప్పుడు. ఇంకొక్కసారి నొక్కాను, అదే వరస. మూడోసారి నొక్కలేదు. మూత విప్పే ఆలోచన అసలే లేదు. అది గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజనీర్ల పని.

ఇంతలో రెండు శాలువాలు కప్పుకుని అత్తయ్య వచ్చారు. నేనూ మావాడూ బాయిలర్ ముందు నిలబడి ఉండటం చూసి "బూడిద తీశావా అమ్మాయ్?" అన్నారు. మావాడు పకపకా నవ్వాడు. ఆవిడ పట్టించుకోలేదు. "మన దానికి జల్లెడలో బూడిద పేరుకుంటే ఎంత ఊదినా అంటుకోదు. దీని బూడిద ఎటు పోతుంది?"

గ్యాస్‌కు బూడిద ఉండదు అనబోయి ఆగాను. బూడిద ఉండదు కానీ నీళ్ళుంటాయి!

గ్యాస్ మండితే ఆవిరి పుడుతుంది. పాత బాయిలర్లు దాన్ని పొగతో పాటు బయటికి వదిలేసేవి. ఇంగ్లండులో 2005 నుంచి కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ ఆ ఆవిరిలోని వేడిని కూడా పిండుకునే రకమే. వేడి పోయిన ఆవిరి నీరవుతుంది, అన్నం గిన్నె మూత తిరగేస్తే కనిపించే చుక్కల్లాగా. చలికాలంలో రోజంతా నడిస్తే ఆ నీరు లీటర్ల లెక్కన వస్తుంది. అది బొటనవేలంత ప్లాస్టిక్ గొట్టంలోంచి బయటి డ్రెయిన్‌లోకి పోతుంది. మా ఇంట్లో ఆ గొట్టం ఎండ పడని ఉత్తరపు గోడ వెంట పాకి, నేల దగ్గర వంపు తిరుగుతుంది. బొట్టుబొట్టుగా కారే నీరు అక్కడ గడ్డకడితే వెనకాల నీరంతా బాయిలర్‌లోకే ఎదురెక్కుతుంది. గుడగుడ అదే. మంట నిలబడదు, బాయిలర్ తనంతట తనే ఆగిపోతుంది. పుస్తకం చెప్పింది నిజమే, మంట లేదు. నేను మాత్రం అప్పటిదాకా లోపలికి వచ్చేవే చూస్తున్నాను, గ్యాసూ నీళ్ళూ కరెంటూ.

కెటిల్‌లో నీళ్ళు కాచి, చన్నీళ్ళు కలిపి, పసిపిల్లకు పోసేటంత వేడికి తెచ్చాను. సలసల కాగేవి పోస్తే ప్లాస్టిక్ పగులుతుంది. మావాడు టార్చి పట్టుకుంటే నేను జగ్గుతో వంపు మీద పోస్తూ వచ్చాను. మధ్యలో అత్తయ్య తన వేడినీళ్ళ సంచీ పంపించారు, దాన్ని తువ్వాలుతో వంపుకు కట్టాం. అరగంట పట్టింది. అప్పుడు గొట్టం చివర్నుంచి కొవ్వొత్తి లాంటి మంచుముక్క జారిపడి, వెనకాలే నీళ్ళు భళ్ళున వచ్చాయి. కారిన నీళ్ళు దారిలో గడ్డకట్టి ఎవరైనా జారిపడతారని వంటింటి ఉప్పు డబ్బా అంతా చల్లేశాను.

లోపలికొచ్చి రీసెట్ నొక్కితే టిక్ టిక్, భుస్సుమని మంట. అక్షరాలు పోయి అంకెలు వచ్చాయి. ముప్ఫై, ముప్ఫై అయిదు, నలభై. అత్తయ్య రేడియేటర్‌కు వీపు ఆనించి కూర్చున్నారు.

మధ్యాహ్నం ఏజెంటు ఫోన్. పనిచేస్తోందిగా, ఇంజనీరును వద్దనమంటారా అని. వద్దనలేదు. కరిగించింది నేనే కానీ, రాత్రి చలి అలాగే ఉంది, గొట్టమూ అదే. ఆ ఏడాది గ్యాస్ ధరలకు భయపడి అందరిలాగే మేమూ రాత్రిళ్ళు హీటింగ్ ఆపేస్తున్నాం. ఆ రెండు రాత్రులూ ఆపలేదు. బిల్లు సంగతి తర్వాత, ముసలావిడ ఊపిరి ముందు.

ఇంజనీరు వచ్చి నేను చెప్పిన చప్పుడు గురించి రెండుసార్లు అడిగాడు. బయట ఉన్న సన్న గొట్టం తీసేసి 32 మిల్లీమీటర్లది వేసి, దానికి బాగా వాలు పెట్టి, చుట్టూ నల్ల స్పాంజి తొడుగు తొడిగాడు. మీ ఇంట్లో ఆ గొట్టం ఎటు పోతోందో ఒకసారి వెలుతురున్నప్పుడే చూసి పెట్టుకోండి. చీకట్లో మంచులో వెతకడం కష్టం.

శుక్రవారం మా ఆయన వచ్చి "ఇంతకీ ఏమిటట ఆ కోడ్?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకున్నారు.

"బూడిద అడ్డం పడిందిరా. తీసేశాం."